కీర్తి శిఖరం నుండి ధర్మపథానికి

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలకు అర్హుడు సమస్త లోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్ మాత్రమే. మన పాపాలకు క్షమాభిక్షను, మన బలహీనతలకు ఆసరాను ఆయన సన్నిధిలోనే అర్థిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకుల పైన, వారి సహచరుల పైన శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! సోదరీమణులారా!

మొట్టమొదట నాకు, తదుపరి మీకు దైవభీతిని గూర్చి హితవు పలుకుతున్నాను. మనిషి వెంట సమాధి దాకా వచ్చేవారు ఎందరో ఉంటారు. సమాధిలోకి దిగేది మాత్రం అతని ఆచరణ ఒక్కటే. ఈ సత్యాన్ని మనసులో నిలుపుకొని నేటి అంశాన్ని ఆలకించండి.

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం బలానికి, క్రీడలకు పేరెన్నికగన్న నేల. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు దేహబలంతో దేశదేశాల వారిని అబ్బురపరిచాడు. ఇదే ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోల బరువునెత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కింది. 1936లో ఇంగ్లండుకు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించినవాడు విజయనగర రాజకుమారుడు విజ్జీ. అటువంటి నేల మీద పెరుగుతున్న మన పిల్లలు ఆటలను ప్రేమించడంలో వింత లేదు, దోషమూ లేదు. బలహీనుడైన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే మేలు ఇద్దరిలోనూ ఉందని మన ప్రవక్త (స) సెలవిచ్చారు. వారు స్వయంగా పరుగు పందెంలో పాల్గొన్నారు. విలువిద్యను, గుర్రపు స్వారీని ప్రోత్సహించారు.

కావున ఆట తప్పా ఒప్పా అన్నది నేటి ప్రశ్న కాదు. ఆట తెచ్చిపెట్టే కీర్తిని మనిషి ఏం చేసుకోవాలి? అది అతనికి యజమాని కావాలా, సేవకురాలు కావాలా? ఇదీ ప్రశ్న. దీనికి సమాధానంగా మన కాలంలోనే జీవిస్తున్న ఒక క్రీడాకారుని జీవితాన్ని పరిశీలిద్దాము.

ఆయన పేరు సయీద్ అన్వర్. ఆయన మన దేశపు ఆటగాడు కాడు. మన జట్టుకు ఎదురుగా నిలిచి ఆడినవాడు. మైదానంలో మన అభిమానం మన దేశపు జట్టుదే. కానీ ఒక మనిషి జీవితం నుండి గుణపాఠం నేర్చుకోవడానికి సరిహద్దు అడ్డురాదు.

1968లో కరాచీలో జన్మించిన ఆయన కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో పట్టభద్రుడు. 1990 నవంబరులో ఫైసలాబాద్‌లో వెస్టిండీస్ పైన తన మొదటి టెస్టు ఆడాడు. రెండు ఇన్నింగ్సులలోనూ సున్నాకే వెనుదిరిగాడు. మరల టెస్టు జట్టులో స్థానం దొరకడానికి మూడేళ్లకు పైగా వేచి ఉన్నాడు. 1994లో న్యూజిలాండ్‌లో 169 పరుగులు చేసి తన సత్తా నిరూపించుకున్నాడు. ఆ తరువాత ఆయన కీర్తికి ఎదురులేకపోయింది. 55 టెస్టులలో 4,052 పరుగులు, 11 శతకాలు. 247 వన్డేలలో 8,824 పరుగులు, 20 శతకాలు. పాకిస్తాన్ జట్టుకు 7 టెస్టులలోను, 11 వన్డేలలోను ఆయనే నాయకుడు.

మన పొరుగునే ఉన్న చెన్నై నగరంలో 1997 మే 21న ఆడిన ఆట ఆయన కీర్తికి శిఖరం. మన దేశ స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పోటీ అది. మే నెల ఎండలో, తన కోసం వేరొకరు పరుగెత్తుతూ ఉండగా, 146 బంతులలో 194 పరుగులు చేశాడు. పురుషుల వన్డే క్రికెట్‌లో అప్పటికి అదే అత్యధిక స్కోరు. ప్రత్యర్థి జట్టు ఆటగాడైనా చెన్నై ప్రేక్షకులు ఆయనను కరతాళధ్వనులతో గౌరవించారు.

సోదరులారా! ఆ 194 ఏమైందో గమనించండి. అంతకు ముందు వివియన్ రిచర్డ్స్ చేసిన 189 పరుగులను అది దాటింది. 2009లో జింబాబ్వే ఆటగాడొకడు దానిని సమం చేశాడు. 2010 ఫిబ్రవరిలో సచిన్ తెందూల్కర్ గ్వాలియర్‌లో 200 చేసి దానిని దాటాడు. 2014లో రోహిత్ శర్మ 264 చేశాడు. రేపు ఇంకొకరు వస్తారు.

ఇక్కడ బుఖారీ గ్రంథంలోని ఒక హదీసును గుర్తు చేసుకుందాము. దైవప్రవక్త (స) వారికి అద్బా అనే ఆడ ఒంటె ఉండేది. పందెంలో దానిని మించినది లేదు. ఒకనాడు ఒక పల్లెవాసి తన చిన్న వయసు ఒంటె పైన వచ్చి దానిని ఓడించాడు. సహచరులకు మనసు కష్టమైంది. వారి ముఖాలు చూసి ప్రవక్త (స) ఓదార్చారు. ఈ లోకంలో పైకెత్తబడిన ప్రతి వస్తువునూ ఏదో ఒకనాడు కిందికి దించడం అల్లాహ్ నియమమని బోధించారు. స్వయంగా ప్రవక్త (స) వారి ఒంటెకే ఈ నియమం వర్తించినప్పుడు, మన రికార్డులకు, మన పదవులకు, మన ఇంటి పేరుకు మినహాయింపు ఎక్కడిది?

ఇక ఆయన జీవితంలోని మలుపుకు వద్దాము. 2001 ఆగస్టులో ముల్తాన్ నగరంలో బంగ్లాదేశ్ పైన టెస్టు జరుగుతోంది. ఆయన ఆ టెస్టులో శతకం సాధించాడు. ఆ రోజులలోనే ఆయన పసి కుమార్తె అనారోగ్యంతో కన్నుమూసింది. ఆ టెస్టే ఆయనకు చివరి టెస్టు అయింది. మొదటి టెస్టులో రెండు సున్నాలు, చివరి టెస్టులో నూరు పరుగులు. స్కోరు పుస్తకం వరకు చూసిన వారికి అది ఉజ్జ్వలమైన ముగింపు. కన్న తండ్రికి ఆ నూరు పరుగులు దేనికి పనికివస్తాయి? ఏ చప్పట్లు ఆయన ఇంటి నిశ్శబ్దాన్ని పూడ్చగలవు?

ఆ దుఃఖం తరువాత ఆయన ధర్మం వైపు మళ్లాడు. తబ్లీగీ జమాఅత్ వారితో కలిసి ఊరూరా తిరిగి జనులను నమాజు వైపు, దైవస్మరణ వైపు పిలిచే పనిలో నిమగ్నమయ్యాడు. 2003 ప్రపంచ కప్పులో, మార్చి 1న సెంచూరియన్ మైదానంలో మన జట్టు పైన 101 పరుగులు చేసి, ఆ శతకాన్ని పోయిన బిడ్డకు అంకితం చేశాడు. ఆ రోజు గెలిచింది మన జట్టు. అదే ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ క్రీడారంగం నుండి పూర్తిగా విరమించుకున్నాడు. మైదానంలో సహచరులను నడిపించిన నాయకుడు నిండు గడ్డంతో, సాధారణ వస్త్రాలతో మసీదులలో కూర్చుని మాట్లాడే బోధకుడయ్యాడు.

తబ్లీగ్ ఉద్యమం మన దేశంలోనే పుట్టింది. ఢిల్లీ సమీపంలోని మేవాత్ ప్రాంతంలో 1920 దశకంలో మౌలానా ముహమ్మద్ ఇల్యాస్ దీనిని ప్రారంభించారు. దాని పద్ధతులను గురించి పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ చర్చకు ఇది వేదిక కాదు. ఒక్క విషయం మాత్రం గమనించదగినది. ఆ సంచారంలో ఎవరి పడక చుట్ట వారే మోసుకోవాలి. ఎవరి ఖర్చు వారే భరించాలి. వంట వంతులవారీగా చేసుకోవాలి. ప్రయాణానికి ఒకరిని అమీరుగా ఎన్నుకుంటే, మిగిలిన వారంతా అతని మాట వినాలి. ఆ అమీరు ఒక కిరాణా దుకాణదారుడు కావచ్చు, రైతు కావచ్చు. లోకమంతా ఎరిగిన నాయకుడు అతని వెనుక నడవాలి. నాయకత్వం చేయడం కష్టమే. నాయకత్వం చేసిన తరువాత అనుచరుడుగా నడవడం అంతకన్నా కష్టం.

ఇటువంటి త్యాగానికి మన చరిత్రలో ఉజ్జ్వలమైన ఉదాహరణలు ఉన్నాయి. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) మక్కా యువకులలో అందగాడు, భాగ్యవంతుల బిడ్డ. ఆయన ధరించే వస్త్రాలు, పూసుకునే పరిమళాలు ఊరంతటికీ కథలు. ఇస్లాం స్వీకరించగానే అవన్నీ పోయాయి. కన్నతల్లే ఆయనను బంధించింది. ఆయన వెనుదిరుగలేదు. హిజ్రత్‌కు ముందే మదీనాకు ధర్మబోధకుడుగా పంపబడిన మహనీయుడు ఆయనే. అక్కడ ఉసైద్ బిన్ హుదైర్ ఈటె పట్టుకుని కోపంతో వచ్చినప్పుడు ఆయన గొంతు పెంచలేదు. కూర్చుని వినమన్నారు; నచ్చితే స్వీకరించమన్నారు; నచ్చకుంటే తామే వెళ్లిపోతామన్నారు. ఆ మృదుత్వమే ఉసైద్‌ను, తదుపరి సఅద్ బిన్ ముఆజ్‌ను, వారి వెంట ఒక తెగ మొత్తాన్ని సత్యానికి చేరువ చేసింది. ఉహుద్ యుద్ధంలో ధ్వజం మోస్తూ ఆయన అమరుడైనప్పుడు, కఫన్‌గా దొరికిన ఒక్క వస్త్రం చాలలేదు. తల కప్పితే పాదాలు బయటపడ్డాయి. చివరికి పాదాలను గడ్డితో కప్పారు. ఒకనాడు మక్కాలో అందరికన్నా విలువైన వస్త్రాలు ధరించిన యువకుడు ఆయనే!

హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) గురించి వినండి. యుద్ధరంగంలో ఓటమి ఎరుగని సేనాని. విజయం అల్లాహ్ వల్ల గాక ఖాలిద్ వల్లనే వస్తుందని జనులు భ్రమపడతారేమోనని హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను సేనాధిపత్యం నుండి తొలగించారు. ఖాలిద్ తిరుగుబాటు చేయలేదు, అలిగి ఇంట్లో కూర్చోలేదు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వం కింద యోధుడుగా కొనసాగారు. ఆయన పని చేసినది పదవి కోసం కాదు గనుకనే, పదవి పోయినా పని ఆగలేదు.

ఇతర మతస్థులలోను ఇటువంటి వారు కనిపిస్తారు. 1883లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ క్రికెట్ జట్టు నాయకుడైన చార్లెస్ స్టడ్, ఇంగ్లండు జట్టుకు ఆడిన ప్రసిద్ధుడు, 1885లో క్రైస్తవ మత ప్రచారానికి చైనా వెళ్లాడు. తండ్రి నుండి సంక్రమించిన ఆస్తిని దానం చేశాడు. 1900 నుండి 1906 వరకు మన దక్షిణాదిన ఊటీలో పని చేశాడు. 1931లో ఆఫ్రికాలోని కాంగోలో మరణించాడు. ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా, తాను నమ్మినదాని కోసం ఒక మనిషి అంత విడిచిపెట్టగలిగితే, సత్యం మన చేతిలో ఉందని చెప్పుకునే మనం దాని కోసం ఏమి విడిచిపెట్టాము? ఒక పూట నిద్రనా? ఒక గంట కాలక్షేపాన్నా? ఈ ప్రశ్నను ప్రతి ఒక్కరం మనలను మనమే వేసుకోవాలి.

నేను ఈ మాట పలికి, నా కొరకు, మీ కొరకు, సమస్త విశ్వాసుల కొరకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాను. మీరూ వేడుకొనండి. ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రాలు. ఆయన ప్రవక్త (స) పైన శాంతి శుభాలు.

సోదరులారా! ఈ గాథ విని ఎవరూ పొరబాటుగా అర్థం చేసుకోకూడదని మూడు విషయాలు విన్నవిస్తున్నాను.

మొదటిది. కీర్తిని విడవడం అంటే బాధ్యతను విడవడం కాదు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులతో గడుపుతూ భార్యను పట్టించుకోవడం మానివేసినప్పుడు, హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయనను వారించారు. ప్రభువుకు హక్కు ఉన్నట్లే దేహానికీ, కుటుంబానికీ హక్కు ఉందని చెప్పారు. ప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులను, అప్పుల భారాన్ని, చదువుకునే పిల్లలను గాలికి వదిలి ధర్మప్రచారానికి బయలుదేరడం త్యాగం కాదు. తనది కాని దానిని దానం చేయడం వంటిది అది. సయీద్ అన్వర్ విడిచినది తన సొంత కీర్తిని; ఇతరుల హక్కును కాదు.

రెండవది. కీర్తి చాలా మాయలాడి. ముందు ద్వారం నుండి గెంటివేస్తే ధర్మం వేషం వేసుకుని వెనుక ద్వారం నుండి వస్తుంది. నిన్న ఆటగాడని పొగిడిన వారే నేడు మహాభక్తుడని పొగుడుతారు. ఆ పొగడ్త మొదటిదాని కన్నా ప్రమాదకరం. తీర్పు దినాన ముందుగా విచారింపబడే ముగ్గురిని గూర్చి ప్రవక్త (స) హెచ్చరించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. ఒకరు యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు, ఒకరు విద్య నేర్చి బోధించినవాడు, ఒకరు ధనం దానం చేసినవాడు. ముగ్గురూ జనం మెప్పు కోసమే చేశారు గనుక, ఆ మెప్పు లోకంలోనే దక్కింది గనుక, అక్కడ వారికి మిగిలినది ఏమీ లేదు. ఈ హదీసులో ఆటగాడు లేడు, గాయకుడు లేడు. ఉన్నవాడు బోధకుడు! మింబరు పైన నిలబడే నా వంటివారు అందరికన్నా ముందు భయపడవలసిన హదీసు ఇది.

మూడవది. దుఃఖం ప్రతివారినీ దేవుని దగ్గరకు చేర్చదు. కొందరిని దూరం కూడా చేస్తుంది. ఏ వైపు నడవాలన్నది మన ఎంపిక. మన ప్రవక్త (స) తమ పసి కుమారుడు ఇబ్రాహీంను ఒడిలో పెట్టుకుని కన్నీరు కార్చారు. ఆ కన్నీరు కారుణ్యమని చెప్పారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మృతికి సూర్యుడే చీకటి అయ్యాడని జనులు అనుకున్నారు. వారు మౌనంగా ఉంటే చాలు, ఆ మాట లోకమంతా వ్యాపించి ఉండేది. కానీ వారు లేచి నిలబడి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు కోసమూ పుట్టుక కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రకటించారు. బిడ్డను మట్టిలో పెట్టిన దినాన, అడగకుండా వచ్చిన కీర్తిని సత్యం కోసం తిరస్కరించిన తండ్రి ఆయన. కీర్తిని వదులుకోవడం అంటే ఏమిటో ఇంతకన్నా గొప్ప పాఠం లేదు. మన సభలో కూడా బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. మీ కన్నీరు విశ్వాస లోపం కాదు. ఓర్చుకున్న ప్రతి ఘడియకూ అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంది.

ఇక మన సంగతి. మనలో జట్టు నాయకులు లేరు, మనకు విడవడానికి పెద్ద కీర్తి లేదు అనుకుంటాము. కానీ చిన్న కీర్తి కోసం మనం పడే పాట్లు తక్కువా? అప్పు చేసి చేసే పెళ్లి విందులు ఎవరి కోసం? పేదవాని చేతిలో బియ్యం సంచి పెట్టి, ఫొటో తీసి, ఫోనులో అందరికీ పంపడం ఎవరి కోసం? పండుగ ఫ్లెక్సీలో తన బొమ్మ చిన్నదైందని మాటలు మానుకోవడం, మసీదు కమిటీలో పదవి దక్కలేదని జుమాకే రాకపోవడం ఎందుకోసం? సయీద్ అన్వర్ విడిచినది ప్రపంచ కీర్తి. మనం విడవలేకపోతున్నది ఒక కుర్చీ.

మన కోస్తా తీరానికి ఏటా శీతాకాలం చివర సముద్రపు తాబేళ్లు వస్తాయి. రాత్రి వేళ ఒడ్డుకు చేరి, ఇసుకలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లవారకముందే కడలిలోకి వెళ్లిపోతాయి. తరువాతి తరానికి కావలసిన పని అంతా చేసి, పేరు చెప్పుకోకుండా మరలిపోవడం ఆ మూగజీవికి అల్లాహ్ నేర్పాడు. కుడి చేతి దానం ఎడమ చేతికి తెలియనివ్వని వానికి తీర్పు దినాన తన నీడను ప్రసాదిస్తానన్న ప్రభువు, మన నుండి కోరేది అటువంటి పనినే.

యువకులారా! మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆడండి, ఆరోగ్యంగా ఉండండి. జుమా అజాన్ వినబడగానే బ్యాటు కింద పెట్టి రండి. ఓడితే నవ్వండి, గెలిస్తే తల వంచండి. కుస్తీలో పడగొట్టినవాడు కాదు, కోపంలో తనను తాను నిగ్రహించుకున్నవాడే బలవంతుడని ప్రవక్త (స) బోధించారు. బెట్టింగ్ జోలికి పోకండి. అది జూదం, నిస్సందేహంగా హరామ్. ఫోనులో వంద రూపాయలతో మొదలై, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టేదాకా లాక్కుపోతుంది.

శ్రీకూర్మం వంటి ఊళ్లలో మనం కొద్దిమందిమి. ఎందరో యాత్రికులు వచ్చే పుణ్యక్షేత్రం ఇది. ఇరుగుపొరుగు వారు మన గ్రంథాన్ని చదవకపోవచ్చు. మనలను మాత్రం రోజూ చదువుతారు. తూకంలో మన నిజాయితీ, కూలి చెల్లింపులో మన వేగం, పొరుగువాని జబ్బులో మన పలకరింపు, ఇతరుల ఆరాధనా స్థలాల పట్ల మన మర్యాద: ఇవే మన ధర్మప్రచారం. ముస్అబ్ (రజి) గొంతు పెంచకుండా గెలిచినట్లు మనమూ మంచితనంతో మనసులు గెలవాలి. ఈ వారం ఒక్క పని చేద్దాము: ఎవరికీ చెప్పకుండా ఒక మేలు చేసి, దానిని మన దుఆలో తప్ప మరెక్కడా ప్రస్తావించకుండా ఉందాము.

దుఆ చేద్దాము. ఓ అల్లాహ్! మా పనులలో చిత్తశుద్ధిని ప్రసాదించు. మెప్పు కోసం చేసే ఆరాధన నుండి మమ్మల్ని కాపాడు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు సహనాన్ని, స్వర్గంలో పునస్సమాగమాన్ని అనుగ్రహించు. మా యువకుల బలాన్ని మంచి మార్గంలో వినియోగించు. జూదం, మత్తు, అసూయల నుండి వారిని రక్షించు. మా ఊరిని, మా ఇరుగుపొరుగు వారిని, మా దేశాన్ని శాంతితో, సుఖంతో వర్ధిల్లజేయి. మా పేరు జనం నాలుకలపై ఉన్నా లేకున్నా, నీ ప్రసన్నత పొందినవారి జాబితాలో మాత్రం ఉండేలా చేయి. ఆమీన్.